వంటలక్క సాక్షిగా: ఎదిగే కూతురితో కలిసి చూసే సీరియల్‌పై ఒక సమీక్ష

పన్నెండు, పదహారేళ్ళ మధ్య వయసు కూతురూ తల్లీ ఒకే ధారావాహికను రోజూ కలిసి చూస్తే వారి మధ్య చనువు పెరుగుతుందా, లేక మాట్లాడుకోవలసిన ఆ కాస్త సమయాన్నీ తెరే మింగేస్తుందా అన్న ప్రశ్నపై పరిశోధకులు దాదాపు 50 ఏళ్ళుగా రెండు పక్షాలుగా వాదించుకుంటున్నారు. ఈ వాదం ఎక్కువగా అమెరికా, బ్రిటన్ ఇళ్ళను చూసి పుట్టింది. తెలుగింట్లో టీవీ ఉండే చోటు వేరు, తల్లీకూతుళ్ళు పైకి అనుకోదగినవీ అనుకోకూడనివీ వేరు కనుక, అక్కడి నిర్ణయాలను ఇక్కడికి తెచ్చుకొనేముందు తూచి చూసుకోవలసి ఉంటుంది. ఈ సమీక్ష ఆ తూకానికి నెల్లూరు తీరంలోని బోగోలు మండలం వంటి ప్రాంతాన్ని గీటురాయిగా పెట్టుకుంటుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డుతో వెలిగిన బిట్రగుంట రైల్వే కాలనీ, సముద్రం మీద వేటకు వెళ్ళే జువ్వలదిన్నె పడవలు, రొయ్యల గుంటలు, వరి మళ్ళు, చదువు కోసం కావలికో నెల్లూరికో వెళ్ళే పిల్లలు అన్నీ ఒకే మండలంలో ఇమిడిన చోటు అది. రైల్వే ఉద్యోగి ఇంటి సాయంత్రానికీ వేటకు పోయే ఇంటి సాయంత్రానికీ పోలిక తక్కువే అయినా, రెండిళ్ళలోనూ ఇంటిపని ఒక కొలిక్కి వచ్చే వేళకు ఏదో ఒక సీరియల్ మొదలవుతుంది.

ముందు మాటల అర్థం తేల్చుకోవాలి. పెద్దలూ పిల్లలూ కలిసి తెర చూడటాన్ని ఇక్కడ సహవీక్షణ అందాం. ఒకే గదిలో ఒకే వైపు తిరిగి కూర్చోవడం దీనికి తక్కువపాటి అర్థం. చూస్తున్నప్పుడో చూశాకో దాని గురించి మాట్లాడుకోవడం నిండు అర్థం. నెదర్లాండ్స్ పరిశోధకురాలు పాటీ వాల్కెన్‌బర్గ్, ఆమె సహచరులు 1999లో ప్రకటించిన కొలమానం పిల్లల టీవీ విషయంలో తల్లిదండ్రుల జోక్యాన్ని మూడు పాయలుగా విడదీసింది: ఫలానాది చూడవద్దని కట్టడి చేయడం, చూస్తున్నదాన్ని విప్పి చెప్పడం, ఊరికే పక్కన కూర్చొని చూడటం. తెలుగిళ్ళలో మొదటిది ఎక్కువ, మూడోది ఇంకా ఎక్కువ. రెండోది ఉన్నా ఒక విచిత్రమైన రూపంలో ఉంటుంది. తల్లి కూతురికి ఏదీ విప్పి చెప్పదు. తెరమీది పాత్రను తిడుతుంది, ఆ తిట్టు తనకో కాదో కూతురు గ్రహించుకుంటుంది.

ఈ చాటు మాట టీవీతో పుట్టినది కాదు. తెలుగు స్త్రీలు ఇంటి లోపల పాడుకున్న రామాయణపు పాటలపై వెల్చేరు నారాయణరావు 1991లో వెలువరించిన వ్యాసం, ఊర్మిళాదేవి నిద్ర వంటి పాటల్లో స్త్రీలు రాముడి కథను చెబుతున్నట్టే ఉంటూ అత్తింటి బతుకుపై తమ ఫిర్యాదును ఎలా పలికించారో చూపింది. మగవాళ్ళు అంతగా పట్టించుకోని ఆ పాటలను పక్కనే కూర్చొని విన్న ఆడపిల్లలు, పెళ్ళి కాకముందే పెళ్ళి గురించి చాలా నేర్చుకొని ఉంటారు. తరువాతి కాలంలో ఆ పనిని వార, మాస పత్రికల్లోని సీరియల్ నవలలు అందుకున్నాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వస్తున్నప్పుడు, తల్లి చదివి మూసిన సంచికను కూతురు తెరవడం, కూతురు దాచుకున్న సంచిక తల్లికి దొరకడం ఆ తరం ఇళ్ళకు కొత్త సంగతులేమీ కావు. అయితే చదవడం ఒంటరి పని. ఇద్దరూ ఒకే పుటను ఒకే క్షణంలో చదవలేరు. పాటలో ఉన్న కలివిడి పత్రికలో సగమే మిగిలింది.

ఈ చరిత్రలో నెల్లూరు జిల్లాకు ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. టీవీ పరిశోధకుల కంట అది సాధారణంగా పడదు కనుక ఇక్కడ కొంత నిదానించవలసి ఉంది. 1990ల మొదట్లో జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో, రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు చదువుకున్న వాచకంలో తాగుబోతు భర్త వల్ల బతుకు కూలిన సీతమ్మ కథ ఒక పాఠంగా ఉండేది. అక్షరాలు కూడబలుక్కోవడానికి పెట్టిన ఆ పాఠం చదివాక, సీతమ్మ ఎవరో కాదు, మన వీధిలోనే ఉందన్న మాట బడిలో మొదలైంది. దూబగుంట ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. వారి కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమై తరువాతి వాచకంలోకి ఎక్కి ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఇందులో ఈ సమీక్షకు పనికివచ్చే సంగతి మద్యానికి సంబంధించినది కాదు. తన మొగుడి గురించి నలుగురిలో నోరు విప్పలేని మనిషి సీతమ్మ మొగుడి గురించి ఎంతైనా మాట్లాడగలదు. అలా మాట్లాడగా మాట్లాడగా, ఏదో ఒక రోజు వాక్యంలో నుంచి సీతమ్మ పేరు జారిపోయి సొంత పేరు వచ్చి చేరుతుంది. కలిసి విన్న కథ ఇద్దరి మధ్య కూర్చున్న మూడో మనిషి వంటిది. తల్లీ కూతురూ ఒకరినొకరు ముట్టుకోకుండా ఆ మూడో మనిషి భుజం మీద చేతులు వేస్తారు. సీరియల్‌కు ఏమైనా విలువ ఉంటే అది ఈ మూడో మనిషిని రోజూ ఠంచనుగా ఇంటికి పంపడంలో ఉంది తప్ప, కథ గొప్పదనంలో లేదు. తెలుగు సీరియళ్ళ కథలు గొప్పవని వాదించే సాహసం వాటి నిర్మాతలు కూడా చేయరు.

టీవీ ఇంటికి చేరిన క్రమం చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి. అప్పుడు టీవీ ఊరందరిదీ, బడి ముందో పంచాయతీ ముందో నేలమీద కూర్చొని చూసేది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1982లో రంగుల ప్రసారాలు, 1987 జనవరిలో మొదలైన ఆదివారపు రామాయణం, 1995లో జెమినీ, ఈటీవీ ఛానళ్ళు వచ్చాయి. ఈ ఇరవై ఏళ్ళలో టీవీ పంచాయతీ అరుగు దిగి, ఉన్నవాళ్ళ వసారాలో కొన్నాళ్ళుండి, చివరికి ప్రతి ఇంటి నడిమింట్లోకి చేరింది. నడిమింట్లోకి వచ్చిననాటి నుంచే అది తల్లీకూతుళ్ళ విషయమైంది. అరుగు మీద ఉన్నన్నాళ్ళూ ఆడపిల్ల దాని ముందు కూర్చోవాలంటే ఊరి కళ్ళు దాటి రావలసి ఉండేది.

భారతీయ ధారావాహికలపై తొలి గట్టి పరిశోధన 1984 జూలైలో దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’ మీద జరిగింది. మెక్సికోలో మిగెల్ సబీదో రూపొందించిన పద్ధతిని, అంటే మంచి పాత్ర, చెడ్డ పాత్ర, రెంటి మధ్య ఊగిసలాడి చివరికి మారే పాత్ర అన్న మూడింటి ద్వారా కథలోనే హితవు చెప్పే పద్ధతిని, ఆ సీరియల్ అనుసరించింది. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ దాన్ని పరిశీలించగా రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ప్రేక్షకులు దూరదర్శన్‌కు రాసిన ఉత్తరాలు 4 లక్షలు దాటాయి. రెండోది మరింత ఆసక్తికరమైనది: అన్నీ మౌనంగా భరించే తల్లి భాగవంతిని ఇలా ఉండకూడదని చూపడానికి సృష్టించగా, చాలామంది స్త్రీలు ఆమెను ఆదర్శంగా స్వీకరించారు. కథ ఒకటి చెబితే ఇల్లు మరొకటి వినగలదన్న మాట. 1980ల చివర, 1990ల మొదట్లో ఢిల్లీ దిగువ మధ్యతరగతి ఇళ్ళలో కూర్చొని పూర్ణిమా మంకేకర్ చేసిన అధ్యయనం 1999లో పుస్తకంగా వచ్చింది. దూరదర్శన్ మహాభారతంలోని ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టం గురించి మాట్లాడుతూ స్త్రీలు తమ ఇళ్ళలో తాము పడ్డ అవమానాల్లోకి ఎలా జారుకున్నారో ఆ పుస్తకం చూపుతుంది. దూబగుంట రాత్రిబడిలో జరిగినదే అక్కడా జరిగింది, కాకపోతే అది బయటి వీధి దాకా రాలేదు.

లెక్కల వైపు చూస్తే రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రకటించిన అధ్యయనాన్ని విడిచిపెట్టలేం. తమిళనాడు సహా 5 రాష్ట్రాల్లోని 180 గ్రామాల్లో, కేబుల్ కొత్తగా వచ్చిన ఊళ్ళనూ రాని ఊళ్ళనూ 2001 నుంచి 2003 వరకు పోల్చి, కేబుల్ వచ్చినచోట భార్యను కొట్టడం తప్పు కాదనే స్త్రీలు తగ్గారనీ, కొడుకే కావాలన్న పట్టు సడలిందనీ వారు తేల్చారు. ఇది గొప్ప ఫలితమే అయినా ఆ మార్పు ఏ దారిన వచ్చిందో అది చెప్పదు. తల్లి మనసు మారిందా, లేక కొట్టడం తప్పు కాదని పైకి అనడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నదా అన్నది ప్రశ్నావళికి అందదు.

కౌమారం, అంటే బాల్యానికీ యవ్వనానికీ నడుమనున్న ఈడు, కుటుంబం నుంచి పిల్లను మెల్లగా బయటికి లాగుతుంది. చికాగో శివార్లలో రీడ్ లార్సన్ బృందం పిల్లలకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఎక్కడ, ఎవరితో ఉన్నారో రాయించి 1996లో ప్రకటించిన లెక్క ప్రకారం, పదేళ్ళప్పుడు మెలకువ సమయంలో 35 శాతం కుటుంబంతో గడిపే పిల్లలు పద్దెనిమిదేళ్ళకు 14 శాతానికి దిగిపోయారు. అయితే తల్లితోనో తండ్రితోనో ఒక్కరితోనే గడిపే సమయం అంతగా తగ్గలేదు. తగ్గినదల్లా అందరూ కూడిన సమయం. సుమన్ వర్మతో కలిసి అదే లార్సన్ చండీగఢ్ మధ్యతరగతి ఎనిమిదో తరగతి పిల్లలను పరిశీలించినప్పుడు బొమ్మ వేరుగా కనిపించింది. ఆ పిల్లలు టీవీ చూసినది ఎక్కువగా ఇంట్లో, ఇంటివాళ్ళ మధ్యనే. 2002లో వచ్చిన ఆ వ్యాసం తన శీర్షికలోనే టీవీని కుటుంబ సభ్యురాలిగా చేర్చుకున్నది. ఇక్కడి పిల్ల టీవీ కోసం ఇల్లు విడిచి పోలేదు, ఇంటి కోసమే టీవీ ముందు కూర్చున్నదని ఆ ఫలితాన్ని చదవవచ్చు.

సహవీక్షణ వల్ల దగ్గరితనం వస్తుందా అన్నదానికి సూటిగా జవాబు వెదికినవారిలో సారా కోయిన్ బృందం ముఖ్యమైనది. టీవీ, సినిమాలు కలిసి చూసే కుటుంబాల్లో కౌమారంలోని పిల్లలకు ఇంటితో అనుబంధం ఎక్కువగా ఉందని వారు రాశారు. ఇందులో ఒక చిక్కు ఉన్నదని చెప్పకపోతే సమీక్ష నిజాయితీగా ఉండదు: దగ్గరితనం ఉన్నవారే కలిసి కూర్చుంటారు కనుక, కారణం ఏది, ఫలితం ఏది అన్నది తేలదు. అంతకన్నా పదునైన ఆధారం అమెరికన్ హాస్య ధారావాహిక ‘ఫ్రెండ్స్’ ద్వారా దొరికింది. గర్భనిరోధకం విఫలమైన సంగతి వచ్చిన ఒక భాగాన్ని చూసిన 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలను రెబెకా కాలిన్స్ బృందం ప్రశ్నించి, పెద్దవారితో ఆ విషయం మాట్లాడిన పిల్లలకే అందులోని సమాచారం మేలుగా గుర్తున్నదని 2003లో ప్రకటించింది. తెర విత్తనం వేసింది, మాట నీళ్ళు పోసింది. తెలుగు తల్లి ఆ విషయం మాట్లాడటం పక్కన పెట్టినా, ఆ భాగం రాగానే ఛానల్ మార్చకుండా ఉండటమే గొప్ప అనుకోవాలి.

ఎదుటి పక్షం తేలికైనది కాదు. టీవీ పిల్లలకు నేర్పే చెడు కన్నా, అది జరగనివ్వని పనులే, అంటే ముచ్చట్లు, ఆటలు, పండగ సందళ్ళు మాయమవడమే అసలు నష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ వాదించాడు. మాట ఉంటే చాలు, అంతా మంచే అనుకొనేవారికి కాంగోలో జరిగిన ఒక ప్రయోగం హెచ్చరికగా నిలుస్తుంది. అక్కడ శాంతిని బోధించే రేడియో నాటకం తరువాత చర్చను ప్రోత్సహించే కార్యక్రమాన్ని కొన్ని ప్రాంతాల్లోనే వినిపించి ఎలిజబెత్ పాలక్ పరిశీలించగా, చర్చ విన్నవారు ఎక్కువగా మాట్లాడుకున్న మాట నిజమే గాని, వైరి వర్గంపై వారి సహనం ఇంకా తగ్గిందని 2010లో తేలింది. మాట ఉన్న అభిప్రాయాన్ని మెత్తబరచగలదు, గట్టిపరచగలదు కూడా. తెరమీది పిల్ల ప్రేమ సంగతి రాగానే తల్లి ఇంటి పరువు మీద ఉపన్యాసం అందుకుంటే, ఆ కూతురు నేర్చుకొనేది ఇకపై ఏ సంగతి దాచుకోవాలో మాత్రమే.

ఈ రెండు వాదాలనూ తెలుగు నేల మీద పెట్టి చూడటానికి ‘కార్తీక దీపం’ కన్నా మంచి నమూనా దొరకదు. మలయాళ ‘కరుత్తముత్తు’కు మారురూపంగా 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి వరకు నడిచిన ఈ సీరియల్ చాలాకాలం తెలుగు టీవీ వీక్షణ లెక్కల్లో మొదటి స్థానంలో ఉంది. నల్లగా ఉన్నందుకు చిన్ననాటి నుంచి ఇంట్లో చిన్నచూపుకు గురైన దీప, డాక్టరు కార్తీక్‌ను పెళ్ళాడి, అతని అనుమానానికి బలై, వంటలు చేసుకుంటూ కూతురిని పెంచుతుంది. ‘వంటలక్క’ అన్న పేరు అలా వచ్చి, సీరియల్ చూడని ఇళ్ళలోకి కూడా పాకింది. కథలో కవల కూతుళ్ళు. ఒక పిల్ల తల్లి దగ్గర, ఒక పిల్ల తండ్రి దగ్గర పెరుగుతారు. తెలుగింట్లో కూతురి ఒంటి రంగు గురించి జరగని సంభాషణ లేదు, కూతురితో మాత్రం సూటిగా జరగదు. ఎండలో తిరగవద్దు, ఆ రంగు గౌను నీకు నప్పదు, పెళ్ళివాళ్ళు ఏమంటారో అన్న మాటలుగా అది చుట్టూ తిరుగుతుంటుంది. దీప పడే అవమానాన్ని చూసి తల్లి కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు, తనను నల్లపిల్ల అన్న బంధువును అదే తల్లి ఎందుకు ఊరికే వదిలేసిందన్న ప్రశ్న కూతురి గొంతులో పుడుతుంది. ఆ ప్రశ్న బయటికి వచ్చే ఇల్లు ఉంది, రాని ఇల్లు ఉంది. ఈ సీరియల్‌కే చెందిన ఒక వెక్కిరింత కూడా ఇక్కడ చెప్పుకోవాలి: దీపగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ అసలు నలుపు కాదు, ఆమెకు మేకప్‌తో ఆ రంగు తెచ్చారు. నలుపును చిన్నచూపు చూడవద్దని చెప్పే కథకు నల్లని నటి ఎందుకు దొరకలేదని అడిగే పిల్ల చూస్తున్న సీరియల్ కన్నా తెలివైనదే. ఆ ప్రశ్నకు తల్లి నవ్వి తలూపిందా, నోరు మూసుకొని చూడమన్నదా అన్నదే ఆ పూట జరిగిన అసలు కథ.

మా టీవీలో ‘చిన్నారి పెళ్ళికూతురు’గా వచ్చిన ‘బాలికా వధు’ విషయం మరో రకం. 2008లో హిందీలో మొదలైన ఈ రాజస్థానీ కథను తెలుగు తల్లులు తమది కానట్టుగా, ఎక్కడో ఉత్తరాది దురాచారంగా చూడగలిగారు. ఆ దూరమే దాని సౌకర్యం, దాని లోపం కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. తనకు పదహారో ఏట పెళ్ళయిన తల్లి, తొమ్మిదో తరగతి చదివే కూతురి పక్కన కూర్చొని ఆ కథలోని బాలవధువు ఆనందిని చూసి అయ్యో అనుకున్నప్పుడు, ఆ జాలిలో సగం తనకోసమే అయి ఉంటుంది. మరొక భాషలో, మరొక వేషంలో వచ్చిన కథ ఇంత దగ్గరి విషయాన్ని మోయగలగడం మూడో మనిషి సిద్ధాంతానికి మంచి ఆధారం. అయితే ఆ జాలి కూతురి పెళ్ళి వయసు దాకా ప్రయాణించాలంటే ఎవరో ఒకరు ఆ మాట పైకి అనాలి, దాన్ని సీరియల్ చేయలేదు.

కన్నీళ్ళతో పాటు నవ్వు కూడా లెక్కలోకి రావాలి. పరిశోధన సాహిత్యం బాధనూ హితవునూ కొలిచినంతగా నవ్వును కొలవలేదు. గుణ్ణం గంగరాజు నిర్మాతగా 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమినీలో వచ్చిన ‘అమృతం’ను ఆదివారం రాత్రి చూసిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు, యూట్యూబులో ఆ పాత భాగాలను తమ పిల్లలకు వారే చూపిస్తున్నారు. అమృతరావు, ఆంజనేయులు హోటల్ నడపలేక పడే పాట్లు చూసి నవ్వడానికి హితబోధ అక్కర్లేదు, పరువు మాట రాదు. తల్లి తన చిన్ననాటి నవ్వును కూతురికి చూపిస్తున్నప్పుడు ఆమె కాసేపు తల్లి కాకుండా, పదమూడేళ్ళ పిల్లగా కనిపిస్తుంది. ఈ కోవలోదే 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. లెక్కల మాస్టారు ఇంట్లో ముగ్గురు పిల్లల పెంపకాన్ని చూపిన ఆ వెబ్ సిరీస్‌ను రెండు తరాలూ రెండు వేరు కారణాలకు ఇష్టపడ్డాయి. ఒక తరానికి అది జ్ఞాపకం, మరో తరానికి అమ్మానాన్నల మీద సాక్ష్యం.

ఇక రిమోట్ సంగతి. 1986లో డేవిడ్ మోర్లీ దక్షిణ లండన్‌లోని 18 కుటుంబాలను పరిశీలించి, టీవీలో ఏం చూడాలన్నది ఇంట్లో మగవాడే తేలుస్తాడనీ, స్త్రీలు పని చేసుకుంటూనే చూస్తారనీ రాశాడు. తెలుగింట్లో ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు రిమోట్ ఆడవాళ్ళ చేతిలో ఉండటం ఒక చిన్న రాజ్యాంగ మార్పు వంటిది. క్రికెట్ ఉన్న రోజున మాత్రం ఆ రాజ్యాంగం సస్పెండవుతుంది. కాని తల్లి చేతిలో ఉన్నది కూతురి చేతిలో ఉన్నట్టు కాదు. తల్లి ఎంచుకున్న సీరియల్‌ను కూతురు పక్కన కూర్చొని చూడటం చాలాచోట్ల భోజనంతో పాటు వచ్చే అలవాటు. దాని వల్ల దగ్గరితనం పెరగవచ్చు, పెరగకపోవచ్చు. కూతురు ఎంచుకున్నది తల్లి చూడటం మాత్రం అరుదు, ఆ అరుదైన పనే ఫలిస్తుందని అనిపిస్తుంది. తెలుగు గొంతులతో ఫోన్లలోకి వచ్చిన కొరియన్ ధారావాహికలను కూతురు చూస్తున్నప్పుడు, వాళ్ళు పెద్దవాళ్ళ ముందు ఎందుకు అలా వంగుతున్నారు, ఆ గిన్నెలో ఉన్నదేమిటి, ఆ పిల్ల ‘అన్న’ అన్నది సొంత అన్ననేనా అని తల్లి అడిగితే, జవాబు తెలిసినది కూతురికి. ఆ అరగంట సేపు పిల్ల పంతులమ్మ అవుతుంది. కట్టడి, వివరణ, సహవీక్షణ అన్న పాత మూడు పాయల్లో ఈ తలకిందులైన వివరణకు చోటు లేదు. పెద్దలే పిల్లలకు విప్పి చెబుతారన్న ఊహ మీదే ఆ కొలమానం నిలబడింది.

అయితే ఫోను దగ్గరకు వచ్చేసరికి తెర చిన్నదైంది, ఇద్దరు కూర్చోవడానికి చోటు పోయింది. అదే 2019-21 సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 21 శాతం మందే ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడారని చెప్పింది, మగవాళ్ళలో అది 48.8 శాతం. ఈ అంకెలు ఇప్పటికి పెరిగే ఉంటాయి గాని, ఫోను చూసే కూతురికీ టీవీ చూసే తల్లికీ మధ్య గీత ఎక్కడ పడిందో అవి చూపుతాయి. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్‌నెట్, టెలిఫోన్ ఒకే తీగ మీద ఇస్తామంటూ 2017 డిసెంబరులో లాంఛనంగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ వంటి పథకాలు తీగను కలిపాయి గాని తెరలను కలపలేవు. ఫోనులో చూసేదాన్ని నడిమింటి టీవీలోకి తెచ్చిపెట్టగల పిల్ల ఉన్న ఇల్లు ఈ విషయంలో అదృష్టవంతమైనది. ఆ ఒక్క చిన్న పనితో చాటుగా చూసేది అందరి ముందు చూసేదిగా మారుతుంది, దేన్ని తల్లి ముందు పెట్టవచ్చునో తేల్చుకొనే బాధ్యత కూతురిదవుతుంది.

ఈ ప్రాంతపు తల్లీకూతుళ్ళకు ఇవన్నీ కలిపి దొరికే కాలం తక్కువ. పదో తరగతికి రాగానే కేబుల్ తీయించే ఇళ్ళున్నాయి. చదువుకొనే పిల్లకు సీరియలేమిటన్న మాట సహవీక్షణపై వచ్చిన పరిశోధనలన్నిటికన్నా బలమైనది. పది దాటాక ఇంటర్ కోసం పిల్ల నెల్లూరు హాస్టల్‌కు వెళితే, పదిహేనో ఏటికే ఆ సాయంత్రపు వరస తెగిపోతుంది. అమెరికన్ పరిశోధకులు పద్దెనిమిదేళ్ళ దాకా గీసిన గీత ఇక్కడ మూడేళ్ళ ముందే ఆగిపోతుంది కనుక, వారి లెక్కలను ఇక్కడికి అన్వయించుకొనేవారు ఈ ఒక్క తేడాను మరువకూడదు. దీనికి ఊహించని విరుగుడు సీరియల్ నడకలోనే ఉంది. ఒకే చూపును ముగ్గురి ముఖాల మీద మూడుసార్లు చూపించి, ఒక పెళ్ళిని నెల రోజులు సాగదీసే ఆ నత్తనడకను విమర్శకులు ఎగతాళి చేయనిది లేదు. సంక్రాంతి సెలవులకు బిట్రగుంట స్టేషన్‌లో దిగి ఇంటికి వచ్చిన పిల్లకు మాత్రం ఆ నడక కలిసివస్తుంది: వంద భాగాలు గడిచిపోయినా కథ పెద్దగా కదిలి ఉండదు, కదిలినంత మేరకు తల్లి అరిసెలు వత్తుతూ చెప్పేస్తుంది. అత్త మారిపోయిందనీ, ఫలానా పాత్ర చేసే అమ్మాయిని తీసేసి వేరే అమ్మాయిని పెట్టారనీ, డాక్టరు బాబుకు ఇంకా బుద్ధి రాలేదనీ తల్లి చెప్పుకుపోతుంటే, నడుమ కూతురు హాస్టల్‌లో తన గదిలోని పిల్లల సంగతులు మొదలుపెడుతుంది. ఎవరి కథ ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో తెలియకుండానే ఏడున్నర అవుతుంది.